చదివినవి – చూచినవి: నవ్విన మఱునాడు



ఈ మధ్య మేమొక పుస్తకము చదివితిమి, ఒక నాటకము చూచితిమి, ఒక పాత చలనచిత్రమును ఇంటిల్లిపాదితో కూర్చుండి చూచితిమి. ప్రతి మాసము వలెనే వానిలో మాకు నచ్చినదేదో, నచ్చనిదేదో విన్నవించుకొందమని కలము పట్టితిమి. కాని యీ మాఱు అభిప్రాయము చెప్పుట మునుపటివలె తేలికగా లేదు. చదివిన పుస్తకము అలమరలో చేరినది. నాటకము ముగియగనే తెఱ దిగినది. చలనచిత్రము మాత్రము తెఱమీద ఆగక మా వంటయింటిలోనికి వచ్చినది. అది వచ్చి యేమి చేసినదో చెప్పక, పాటలు బాగున్నవి, నటన బాగున్నది అని వ్రాసి యూరకుండుట న్యాయముగా తోచలేదు. కావున మూడింటిని గుఱించియు వరుసగా చెప్పి, తుదకు మా యింటి మాటయు దాచక చెప్పుదుము.

మొదట పుస్తకము.

భండారు అచ్చమాంబగారి కథలను మేము చాల ఆలస్యముగా చదివితిమి. ఇంతకాలము చదువనందుకు సిగ్గుపడితిమి. అచ్చమాంబగారు 1874లో నందిగామ చెంతనున్న పెనుగంచిప్రోలులో జన్మించిరి. బడికి పోయి చదువుకొన్నవారు కారు. చిన్ననాటనే పెండ్లియై భర్తతో మధ్యపరగణాలలో నివసించుచు, తమ తమ్ముడు కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారి సాయమున ఇంటియందే చదువు నేర్చిరి. 'అబలా సచ్చరిత్ర రత్నమాల' యని స్త్రీల చరిత్రములను కూర్చిరి. 1902లో బందరునందు ఓరుగంటి సుందరీరత్నమాంబగారితో గూడి బృందావన స్త్రీ సమాజమును నెలకొల్పిరి. 1905లో, ముప్పదియేండ్ల ప్రాయముననే, కాలధర్మము నొందిరి. ఇంటిలోనే చదువుకొన్న స్త్రీ యెంతవఱకు పోగలదో చూపినవారగుటచే, తాతగారి యొద్ద అమరమును భారత భాగవతములను చదువుకొన్న మాబోటివారికి ఆమె పేరు వినగనే ఒక దగ్గఱితనము తోచును.

ఆమె కథలలో మేము మరల మరల చదివినది 'ధనత్రయోదశి'. 1902లో 'హిందూసుందరి'లో వెలువడిన కథ. దీపావళి ముందువచ్చు ధనత్రయోదశినాడు లక్ష్మీపూజ చేసికొనుటకు ఇంట నేమియు లేని పేద దంపతుల సంగతి యిది. భర్త తనది కాని సొమ్ము నాశించును. భార్యయైన విజయలక్ష్మి దానిని ఒప్పుకొనదు. కథ యింతే. ఇంత చిన్న కథలో మమ్ము పట్టి నిలిపినదేమనగా, ఆ యిల్లాలు ఆ సొమ్ము తమకు కావలసినది కాదని యనుకొనదు. కావలసినదే. పండుగ వచ్చినది, ఇంట దీపమునకు చమురు చూచుకొనవలసిన స్థితి. అట్లున్నను, ఆ ధనము మనది కాదు గనుక మన యింటికి రారాదని చెప్పగలిగినది. సొమ్ము అక్కఱలేనివారు నీతి చెప్పుట వేఱు. అక్కఱ యుండి కాదనుట వేఱు. భాష నేటివారికి కొంత బరువుగా నుండవచ్చును, ఉపదేశమును ఒక పాలు హెచ్చేయని మాకును అనిపించినది. కాని చిన్నపిల్లలకు సైతము ఒక సాయంకాలమున చదివి వినిపింప దగిన కథ. ధనము ఇంటికి వచ్చునపుడు అది యెవరిది, యే దారిని వచ్చుచున్నది యని యడుగు స్త్రీని మన భాషలో నూటయిరువది యేండ్ల క్రిందటనే యొక స్త్రీ చిత్రించినదని తెలియుట మాకు గొప్ప సంతోషము కలిగించినది.

ఈ ప్రశ్నయే, వేషము మార్చుకొని, నాటకములో మరల కనబడినది.

రాజమహేంద్రవరమునకు చుట్టఱికమునకు పోయినపుడు సురభివారి 'మాయాబజారు' చూచు భాగ్యము కలిగినది. మా కోనసీమలో తీర్థములకును ఉత్సవములకును రాత్రివేళ నాటకము పెట్టించుట తాతలనాటి యాచారమే. చాపలు మోసికొని పోయి, పిల్లలను ఒడిలో నిద్రపుచ్చుకొని తెల్లవాఱువఱకు చూచినవారము. కాని సురభివారి పద్ధతి వేఱు. 1885లో కడప సీమయందలి సురభి గ్రామమున వనారస గోవిందరావుగారి పూనికతో 'కీచకవధ' యాడి మొదలైన కుటుంబనాటకసంస్థ యిది. తాత, తండ్రి, కోడలు, మనుమరాలు అందఱును అదే రంగస్థలముపై పుట్టి పెరిగినవారు. పురుషులే కోకలు కట్టి స్త్రీవేషములు వేయుచున్న కాలమున వీరు స్త్రీపాత్రలకు తమ యింటి స్త్రీలనే నిలిపిరి. ఆనాడు నాటకమాడు స్త్రీని లోకమేమనుచుండెడిదో పాఠకురాండ్రకు చెప్పనక్కఱలేదు. ఆ మాటలను వినుచునే వేషము కట్టి నిలిచిన ఆ కుటుంబపు స్త్రీలను తలచుకొన్నపుడు చేతులెత్తి మ్రొక్కవలె ననిపించును.

ఘటోత్కచుని నోటిలోనికి లడ్డూలు తమంతట తామే యెగిరి పోవుచుండగా పిల్లలు కేరింతలు కొట్టిరి. మేమును పిల్లలమే యైతిమి. తెఱలు క్షణములో మాఱుట, బాణములు గాలిలో నెదురుకొనుట – ఇవన్నియు కన్నుల యెదుట మనుష్యుల చేతులతో జరుగుచున్నవని తలచినపుడు కలుగు ఆశ్చర్యము తెఱబొమ్మలో కలుగదు. కాని మాకు ఆ రాత్రి మనసున నిలిచినది లడ్డూలు కావు, బలరాముని మాట తప్పుట.

శశిరేఖ కథ వ్యాసభారతమున లేదు. మన కవిత్రయ భారతమునను లేదు. అక్కడ అభిమన్యుని భార్య ఉత్తర. ఇది మన జనము కట్టుకొన్న కథ. ఎందులకు కట్టుకొనిరో యోచించి చూడుడు. అభిమన్యునకు పిల్లనిత్తుమని బలరాముడును రేవతియు మాట యిచ్చిరి. పాండవులు జూదములో రాజ్యము కోల్పోయిరి. వెంటనే పిల్లవాడు చేదైనాడు. దుర్యోధనుని కొమారుడైన లక్ష్మణకుమారుడు తీపియైనాడు. ఇది ద్వారకలో జరిగిన దేవతల కథ కాదు. మన వీథిలో ప్రతి మాఘమాసమునను జరుగు కథ. భారతమునందు లేని యీ పెండ్లిని మనవారు భారతములో చేర్చుకొనుటకు కారణము ఇదియేనని మా తలంపు.

1957లో కె. వి. రెడ్డిగారు తీసిన చలనచిత్రము నెఱుగని తెలుగు ఇల్లు లేదు. పింగళి నాగేంద్రరావుగారి మాటలు, శశిరేఖ రూపములో నున్న ఘటోత్కచునిగా సావిత్రిగారి నడక – వీనిని గుఱించి క్రొత్తగా చెప్పదగినది లేదు. అందలి 'ప్రియదర్శిని' పేటికను మాత్రము జ్ఞాపకము చేసెదము. దాని మూత తెఱచినవారికి తమకు మిక్కిలి ప్రియమైనది కనబడును. శశిరేఖకు అభిమన్యుడు కనబడినాడు. తల్లియైన రేవతికి నగలు, రత్నరాశులు కనబడినవి. ఛాయాదేవిగారు ఆ పేటికను చూచి మురిసిపోవుచుండగా మనమందఱము నవ్వుదుము. మేమును ఎన్ని మాఱులు నవ్వితిమో లెక్కలేదు. ఆ నవ్వు మాపైననే తిరుగబడునని అప్పుడెఱుగము.

ఇక చలనచిత్రము.

కాళ్లకూరి నారాయణరావుగారి 'వరవిక్రయము' నాటకము మా మామగారి పుస్తకములలో నున్నది. వారు దానిని మెచ్చుకొనుచు చదివిన గుర్తుగా అంచులందు పెన్సిలు గీతలును ఉన్నవి. 1939లో ఈస్టు ఇండియా ఫిల్ము కంపెనీవారు దానిని చలనచిత్రముగా తీసిరి. దర్శకులు కాకినాడ నివాసి సి. పుల్లయ్యగారు, 1934లో 'లవకుశ' తీసినవారు. ఈ చిత్రమును మా పెద్దవాడు ఫోనులో వెదకి, టీవీకి తగిలించి యొక శనివారపు రాత్రి చూపెను. బొమ్మ మసకగా నున్నది, మాట యక్కడక్కడ గరగరలాడినది. అట్లయినను ఎవరును లేచి పోలేదు.

కథ యెఱుగనివారి కొఱకు క్లుప్తముగా చెప్పుదుము. పురుషోత్తమరావు, భ్రమరాంబ దంపతులకు కాళింది, కమల యని యిద్దఱు కూతుండ్రు. సింగరాజు లింగరాజు అను పిసినిగొట్టు ధనవంతుడు తన దత్తపుత్రుడగు బసవరాజునకు 5,500 రూపాయలు కట్నమడుగును. పురుషోత్తమరావు భూమి యమ్మి సొమ్ము సిద్ధపఱచును. తనవలన తల్లిదండ్రులు నిలువనీడ లేనివారగుట చూడలేక కాళింది నూతిలో పడి ప్రాణము విడుచును. లింగరాజు పుచ్చుకొన్న సొమ్మును తిరిగి యీయడు. తుదకు చెల్లెలైన కమల ఆ పిల్లవానినే పెండ్లాడి, అత్తవారింటికి పోనని కూర్చుండును. సొమ్మిచ్చి కొన్నవారము మేము, కొన్న వస్తువు మా యింట నుండవలెను గాని మేము దాని వెంట పోవుట యేమి న్యాయమని న్యాయస్థానములో వాదించి గెలుచును.

కాళింది వేషము వేసినవారు భానుమతిగారు. అది ఆమె తొలిచిత్రము. పదమూడు పదునాలుగేండ్ల బాలిక. ఆ లేత గొంతులో నప్పుడే ఒక మొండితనమున్నది; పాటలో కన్నీరున్నను బ్రతిమాలుట లేదు. కమలగా పుష్పవల్లిగారును నెగ్గిరి. 'హరిశ్చంద్ర' నాటకము వ్రాసిన బలిజేపల్లి లక్ష్మీకాంతకవిగారే లింగరాజు వేషము వేసిరి. సత్యము కొఱకు సర్వస్వము విడిచిన రాజును నాటకమున నిలిపిన కవి, కాసు కొఱకు సర్వము విడుచు లోభిగా నటించుట చూచి మావారు బడిపిల్లవాని వలె చప్పట్లు కొట్టిరి. మా అత్తగారు కడుపు పట్టుకొని నవ్వి, "ఓరి వీడి పిసినారితనం పాడుగానూ! ఇలాంటివాడి గడపలో ఆడపిల్లనెలా ఇస్తారమ్మా?" అనిరి. పెండ్లిండ్ల మధ్యవర్తి పేరయ్య వచ్చినప్పుడెల్ల మేమును నవ్వితిమి. మా చిన్న ఆడపడుచు మాత్రము మోకాళ్లపై గడ్డము నానించి చూచుచు కూర్చున్నది. నిద్రవచ్చుచున్నదని యనుకొంటిమి.

ఇప్పుడు మా యింటి మాట.

మా చిన్న ఆడపడుచునకు ఇరువదినాలుగేండ్లు. పట్టపరీక్ష నిచ్చినది. కొంతకాలముగా ఒక సంబంధము నడుచుచున్నది. పిల్లవాడు బుద్ధిమంతుడు, ఉద్యోగస్థుడు. అడుగుచున్నది పదునైదు లక్షలు. దానిని కట్నమని వారనలేదు, మేమును అనలేదు. లాంఛనములని ఇరువుఱమును మర్యాదగా పిలుచుకొనుచుంటిమి. మావారు ఉపాధ్యాయులు. వారికి తండ్రి వలన సంక్రమించిన యాస్తి పాతిక సెంట్ల కొబ్బరితోట, పదునేడు చెట్లు. దింపు దింపునకు అంబాజీపేట బేరగాండ్రు వచ్చి కాయలు కొనుకొని పోదురు. ఆ సొమ్ము మా అత్తగారి మందులకు చెల్లుచున్నది. ఆ తోటను అమ్మవలెనని నిశ్చయించుకొంటిమి. సంబంధము మాటలాడుచున్నది మావారు కాదు, మా అత్తగారును కాదు. మేమే. మాటకారితనమున్నదని యింటివారు మాకప్పగించిరి. ఆ నమ్మకమును చూచి మేము గర్వపడితిమి కూడ.

చిత్రము చూచిన మఱునాడు, ఆదివారము ఉదయమున, మధ్యవర్తి ఫోను చేసెను. వంటయింట పొయ్యి చెంత నిలిచియే మాటలాడితిమి. "పదిహేనంటే మాకు కష్టమండీ. పదమూడు చేయించండి. బంగారం మాట మీకు వదిలేస్తున్నాం. మీరే కాస్త సర్దిచెప్పాలి" అంటిమి. ఫోను పెట్టి, ఒక మెట్టు దిగివచ్చెదరను సంతోషముతో వెనుదిరిగితిమి. మా ఆడపడుచు పీట మీద కూర్చుండి కొబ్బరి కోరుచున్నది. కోరుట ఆపి, తల యెత్తి,

"వదినా, ఈ మాటలు రాత్రి విన్నట్టే ఉన్నాయి. అప్పుడు నువ్వు నవ్వావు" అనినది.

కోపము లేదు, ఏడుపు లేదు. మరల కొబ్బరి కోరసాగినది. మాకు పొయ్యి మీది పాలు పొంగుటయు తెలియలేదు.

ఆ సాయంకాలము అందఱము కూర్చుంటిమి. మా అత్తగారు, "లింగరాజుకీ వాళ్లకీ పోలికేమిటే? లోకంలో ఉన్నదే అడిగారు. మన అబ్బాయికి మాత్రం మనం అడిగామా? వాళ్లే ఇచ్చారు" అని, మా వంక చూచి తటాలున ఆగిరి.

పాఠకురాండ్రు మన్నింపవలెను. మా పెండ్లినాడు మా తండ్రిగారెంత యిచ్చిరో మేము నేటివఱకు అడుగలేదు. కాలువ ప్రక్కన మా పుట్టినింటివారికి ఒక వరిచేను ఉండెడిది. చిన్నతనమున దాని గట్టుపై కూర్చుండియే గజేంద్రమోక్షము వల్లించితిమి. మా పెండ్లియైన యేటినుండి ఆ చేను మఱియొకరు దున్నుచున్నారు. ప్రతి సంక్రాంతికిని ఆ గట్టు వెంటనే పుట్టినింటికి పోవుచున్నాము. చూచితిమి గాని అడుగలేదు. అడిగినచో మావారి ముఖము చూచుట కష్టమగునని కాబోలు. ఆ సాయంకాలము మావారు తల వంచుకొని చాలసేపు ఊరకుండి, "బళ్లో పిల్లలకి కట్నం నేరమని ఏటేటా పాఠం చెబుతున్నాను" అని మాత్రము అనిరి.

వారు చెప్పు పాఠము నిజమే. వరవిక్రయము వ్రాసిన నాటికి కట్నమును నిషేధించు చట్టము లేదు. 1961లో వరకట్న నిషేధ చట్టము వచ్చినది. దాని ప్రకారము పుచ్చుకొనుటయే కాదు, ఇచ్చుటయు నేరము. శిక్ష అయిదేండ్లకు తక్కువ కాని కారాగారము. పదునైదు వేల రూపాయలు గాని, కట్నపు విలువ గాని, ఏది యెక్కువైన దానికి తగ్గని జరిమానా. అనగా నేడు లింగరాజుతోపాటు పురుషోత్తమరావుగారును బోనులో నిలువవలసినవారే. మేమును. చట్టము పుట్టి అఱువదియేండ్లు దాటినది. మనము చేసినదెల్ల కట్నమునకు లాంఛనమని క్రొత్త పేరు పెట్టుట. మఱియొక చట్టమును గూడ మన స్త్రీలు జ్ఞాపకముంచుకొనవలెను. ఆడపిల్లకు పిత్రార్జిత ఉమ్మడి యాస్తిలో మగపిల్లవానితో సమానమగు హక్కును ఆంధ్రప్రదేశము 1986లో చేసిన చట్టము, 1985 సెప్టెంబరు 5 మొదలు వర్తించునట్లు, ఇచ్చినది. దేశమంతటికి ఆ హక్కు 2005లో వచ్చినది. అనగా ఆడపిల్లకు భాగమిచ్చుట దయ కాదు. కాని భాగము ఆమెకు చెందవలెను. మామగారి పెట్టెకు కాదు. మన సీమలో తల్లులు కూతుండ్రకు పసుపుకుంకుమల క్రింద భూమి వ్రాసియిచ్చు వాడుక యున్నది. అది ఆమె పేర నుండును, ఆమె చేతిలో నుండును. పసుపుకుంకుమకును కట్నమునకును భేదము సొమ్ము మొత్తములో లేదు, ఎవరి చేతిలో పెట్టుదుమో అందులో నున్నది. 'ధనత్రయోదశి' విజయలక్ష్మి అడిగిన ప్రశ్నయు నిదియే గదా.

మా ఆడపడుచు చట్టములేమియు చెప్పలేదు. "అన్నయ్యా, తోట అమ్మొద్దు. అమ్మ మందులు దాని మీదే నడుస్తున్నాయి. నాకివ్వాలనుకుంటే నా భాగం నా పేర రాయండి, కాయల డబ్బు అమ్మకే ఇస్తాను. వాళ్లకి మాత్రం ఇవ్వకండి" అనినది. మావారు, "అలా అంటే సంబంధం నిలుస్తుందా, అమ్మలూ?" అనిరి. "నిలవకపోతే అది సంబంధం కాదు, బేరం. బేరం పోతే పోనీండి" అని యామె సమాధానము.

అప్పుడు మాకొక సంగతి స్ఫురించి మఱింత సిగ్గు కలిగినది. మంచి వరుడు దొరకవలెనని మా ఆడపడుచుచేత నలువదియొక్క దినములు 'రుక్మిణీకల్యాణము' పారాయణము చేయించినవారము మేమే. పద్యము పద్యమునకు అర్థము చెప్పితిమి, సమాసములు విడదీసితిమి. పోతనగారి రుక్మిణి యేమి చేసినది? అన్నగారు కుదిర్చిన సంబంధము తనకు వద్దని, తన మనసులోని మాటను తానే చెప్పి, అగ్నిద్యోతనుడను బ్రాహ్మణుని చేతికిచ్చి ద్వారకకు పంపినది. మన యిండ్లలో ఆడపిల్లలచేత ఆ పద్యములు చదివింతుము గాని, నీ సందేశమేమని ఒక్కనాడును అడుగము. నలువదియొక్క దినములలో మేము అడుగలేదు. వరుని జీతము మాకు తెలియును, ఇల్లెన్ని గదులదో తెలియును. ఆ పిల్లకతడు నచ్చినాడో లేదో తెలియదు. ప్రియదర్శిని మూత తెఱచినపుడు రేవతికేమి కనబడినదో మాకును అదియే కనబడినది, శశిరేఖను అడుగలేదు.

ఆ రాత్రి అడిగితిమి. "మంచివాడిలాగే ఉన్నాడు, వదినా. అందుకే తెలుసుకోవాలి. నేనే అడుగుతాను" అనినది. అగ్నిద్యోతనుని అక్కఱ లేకయే ఫోనులో నాలుగు పంక్తుల సందేశము పోయినది. తోట అమ్ముట లేదని, సొమ్ము ఇచ్చుట లేదని, తన్ను తనకొఱకే కావలెననుకొన్నచో రమ్మని. మాకు చూపిన పిదపనే పంపినది. ఒక్క యక్షరమును దిద్దుటకు మాకు చేతులు రాలేదు.

ఇంత జరిగిన పిదప 'వరవిక్రయము'పై మా యభిప్రాయము చెప్పుట సులభమైనది. మెచ్చుకొనదగిన చిత్రము, ప్రతివారును చూడవలెను. కాని అందు మాకు నచ్చనివి రెండున్నవి. మొదటిది కాళింది నుయ్యి. ఆడపిల్ల చచ్చిననే గాని మన కన్ను తడవదా? నాటకము నాటి జనమునకు అంత దెబ్బ కావలసియుండెనేమో. కాని చావు చూచి యేడ్చి యింటికి పోయినవాడు తనకు పాపము తీఱినదని యనుకొనును. నూతిలో పడని ఆడపిల్ల, కొబ్బరి కోరుచు తలయెత్తి యడుగు ఆడపిల్ల, ఇంటిలో నున్నపుడే యామె మాట వినుట నేర్పు నాటకములు మనకింకను కావలెను. రెండవది లింగరాజు. అతడు నవ్వు పుట్టించుటకై యంత లోభిగా చిత్రింపబడినాడు గనుక, చూచినవాడెవ్వడును తన్ను తాను గుర్తుపట్టడు. మా అత్తగారు నవ్విరి, మావారు నవ్విరి, మేము నవ్వితిమి. మేము ముగ్గురమును ఆ బేరములో నున్నవారమే. చూచువారు తామట్టివారము కామని కులాసాగా నిద్రపోవుటకు వీలిచ్చు హాస్యము చాలదని మా తలంపు.

కమల వాదమును గుఱించి మా యింట రెండభిప్రాయములు. కొన్న వస్తువును ఇంట నుంచుకొనుట విజయమెట్లగునని మావారు. కొన్నట్లు ఒప్పించినదే విజయము, వారు దాచిన మాటను పదిమందిలో పలికించినదని మేము. ఇది తేలలేదు. పాఠకురాండ్రు తమ తీర్పు వ్రాసి పంపగోరుచున్నాము.

ఇక మా యింటి కథకు ముగింపు అడుగుదురు. ముగింపు లేదు. నాలుగు దినముల తరువాత ఆ పిల్లవాని యొద్దనుండి, నాన్నగారితో మాట్లాడతానని ఒక్క పంక్తి వచ్చినది. పిమ్మట మూడు వారములైనది. మఱి మాట లేదు. మధ్యవర్తి వీథిలో కనబడినపుడు ఆవలి ప్రక్కకు తిరిగి పోవుచున్నాడు. మా అత్తగారు మాతో మాటలాడుట కొంచెము తగ్గించిరి. కలిసివచ్చిన సంబంధమును సినిమా చూపి చెడగొట్టినదని వారి కోపము. ఆ కోపములో కూతురు మీది ప్రేమయే యున్నదని యెఱుగుదుము గావున ఎదురు చెప్పలేదు. మేము చేసినది మంచియో చెడ్డయో ఆ పిల్ల బ్రతుకు తేల్చవలెను గాని మా వ్రాత తేల్చజాలదు. తోట మాత్రము ఉన్నది. మొన్న దింపు జరిగినది. కాయలు లెక్కించినది మా ఆడపడుచు. సొమ్ము తెచ్చి తల్లి చేతిలో పెట్టినది. మందులు వచ్చినవి. మా అత్తగారు పుచ్చుకొనిరి గాని, "ఎన్ని కాయలొచ్చాయే?" అని అడిగిరి. అంతవఱకు మాట కలిసినందుకు సంతోషము.

మేము కూడ ఒక పని చేయవలసియున్నది. రాబోవు సంక్రాంతికి పుట్టినింటికి పోయినపుడు, కాలువగట్టు మీద మా తండ్రిగారిని ఆపి, ఆ చేను ఎంతకు అమ్మితిరని అడుగవలెను. ఇది వ్రాయుట కంటె అది కష్టమని తోచుచున్నది.

సోదరీమణులకు ఈ నెల మా విన్నపము చిన్నది. అచ్చమాంబగారి కథను పిల్లలకు చదివి వినిపింపుడు. సురభివారు మీ ప్రాంతమునకు వచ్చినచో టిక్కట్టు కొని చూడుడు. ఆ కళ మన కాసులతోనే బ్రతుకవలెను. 'వరవిక్రయము'ను ఇంటి మగవారితో సహా కూర్చుండి చూడుడు. నవ్వుడు, నవ్వదగినదే. కాని యెవరిని చూచి నవ్వితిరో జ్ఞాపకముంచుకొని, మఱునాడు ఫోనులో మీ గొంతు మీరే యొకమాఱు వినుడు.